ప్రపంచ చరిత్రను బందరు రేవు నుంచి మొదలుపెట్టి చదవడం ఎలా?

అశోక్‌నగర్ గదుల్లోనూ చిక్కడపల్లి గ్రంథాలయంలోనూ పోటీ పరీక్షలకు చదివేవారిలో చాలామంది భారతదేశ చరిత్రను ఇష్టంగానే చదువుతారు, ప్రపంచ చరిత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేదీలు బట్టీ పట్టడానికి దిగుతారు. సివిల్స్ మెయిన్స్ సిలబస్ ప్రపంచ చరిత్రను పద్దెనిమిదో శతాబ్దం నుంచి మొదలుపెట్టడం ఇందుకు కొంత కారణం. ఓడలు, కంపెనీలు, ఫిరంగులు, అప్పులు అన్నీ అప్పటికే రంగం మీదికి వచ్చేసి ఉంటాయి కనుక, అక్కడి నుంచి చదివేవారికి నాటకం సగమయ్యాక పందిట్లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. 1500 ప్రాంతం నుంచి 1918 దాకా గడిచిన నాలుగు వందల ఏళ్ల కథను హైదరాబాదులో ఉండి, ఈ ఊరినే ఆధారం చేసుకుని చదివే పద్ధతి ఒకటి ఉంది. పరీక్షలతో పనిలేనివారికి అది ఇంకా బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే వారికి తొందర ఉండదు.

ముందుగా ఒక పెద్ద నోటుపుస్తకం తీసుకుని, తెరిచిన ప్రతి జత పేజీలలో ఎడమ పేజీని ప్రపంచానికి, కుడి పేజీని దక్కనుకు కేటాయించండి. రాజుల పేర్లతో అధ్యాయాలు పెట్టకండి, సరుకుల పేర్లతో పెట్టండి. ఒక్కో సరుకు గురించి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: దాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు కొన్నారు, వెల దేనితో చెల్లించారు, దారి పొడవునా కాపలా కాసిన ఫిరంగి ఎవరిది. పాఠ్యపుస్తకాలు మొదటి రెండింటికీ జవాబు చెప్తాయి. మూడోదీ నాలుగోదీ మీరే వెతుక్కోవాలి, అసలు చరిత్ర చాలావరకు వాటిలోనే ఉంటుంది.

మొదటి సరుకు వస్త్రం. 1591లో హైదరాబాదు వెలిసేనాటికి గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం మచిలీపట్నం. డచ్చివారు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువారు 1611లో ఈ రేవుకు వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఇంగ్లీషు కంపెనీ ఏటా 500 పగోడాల (బంగారు నాణేల) సుంకం కట్టి రాజ్యంలోని రేవుల్లో వ్యాపారం చేసుకునే వీలు పొందింది. వారిని ఇక్కడికి రప్పించింది సుగంధ ద్రవ్యాల మీది ఆశ. లవంగం, జాజికాయ పండే తూర్పు దీవులలో అమ్మేవారికి యూరప్ ఉన్ని బట్టలతో పనిలేదు, వారికి కోరమండల్ తీరపు అద్దకపు గుడ్డలు కావాలి. మన నేతగాళ్లకు, వర్తకులకు మాత్రం వెండి బంగారాలు కావాలి. ఆ వెండిలో పెద్ద భాగం 1545లో స్పెయిన్‌వారి కంటపడిన పొటోసి కొండ నుంచి, అంటే నేటి బొలీవియా నుంచి వచ్చింది. పెడన పరిసరాల అద్దకానికీ ఆండీస్ పర్వతాలలో బలవంతపు చాకిరీ చేసిన గని కూలీకీ మధ్య ఉన్న ఈ లంకెను ఒక గీతగా గీసి పెట్టుకుంటే, వర్తక సామ్రాజ్యాల అధ్యాయంలో సగం మీ చేతికి వచ్చినట్టే.

మిగిలిన సగం నాలుగో ప్రశ్నలో ఉంది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి యుద్ధం చేసే, సంధులు కుదుర్చుకునే, కోటలు కట్టే అధికారాలను వారి ప్రభుత్వమే రాసిచ్చింది. అదే కంపెనీ మచిలీపట్నంలో సుంకాల కోసం అధికారులతో బేరమాడుతూ కాలం గడిపి, జాజికాయ పండే బాందా దీవులలో మాత్రం 1621లో తన గవర్నర్ జనరల్ కూన్ నాయకత్వాన అక్కడి ప్రజలను ఊచకోత కోసి, బతికినవారిలో అనేకులను బానిసలుగా పట్టుకుపోయింది. గోల్కొండకు సైన్యం ఉంది, బాందాకు చెప్పుకోదగ్గ సైన్యం లేదు. ఈ రెండు ఘటనలను ఎడమ, కుడి పేజీల మీద ఎదురెదురుగా రాసుకోండి. కంపెనీల స్వభావం గురించి పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పేది దీనికి మించి ఎక్కువ ఉండదు.

గోల్కొండ పేరు ఎత్తగానే అందరూ వజ్రాల మీదికి పోతారు. కొల్లూరు గనులను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూసి రాసిపెట్టిన మాటా, అతడు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం సంగతీ చదవడానికి బాగుంటాయి కానీ, వాటికి ఒక్క పేజీ చాలు. కొనుగోలుదారు రాజైతే సరుకు ఖజానాలో కూర్చుంటుంది. కొనుగోలుదారులు లక్షల మందైతేనే అది దేశాల నడతను మారుస్తుంది. ఆ పని చేసింది వస్త్రమే.

ఆ మార్పును ఇంగ్లండులో చూడవచ్చు. భారతీయ అద్దకపు గుడ్డలు అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయన్న గగ్గోలుతో 1700లో వాటి దిగుమతిని, 1721లో వాడకాన్ని చాలావరకు నిషేధించారు. అట్లాంటిక్ బానిస వర్తకంలోనూ పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషులకు బదులుగా ఇచ్చిన సరుకుల్లో భారతీయ వస్త్రం ముఖ్యమైనది. ఆ వర్తకంలో ఓడలెక్కించిన ఆఫ్రికన్ల సంఖ్యను చరిత్రకారులు సుమారు 1.25 కోట్లుగా అంచనా వేశారు. నిషేధం చాటున ఎదిగిన లాంకషైర్ నూలు పరిశ్రమకు 1769లో ఆర్క్‌రైట్ తెచ్చిన, నీటి బలంతో నూలు వడికే చట్రం, ఆ తరువాత ఆవిరి యంత్రం, అమెరికాలో బానిసలు పండించిన ప్రత్తి తోడయ్యాయి. పారిశ్రామిక విప్లవానికి ఒకే కారణం రాసి ఊరుకోకండి. నేల పైపొరల్లోనే దొరికిన బొగ్గు, హెచ్చు కూలి రేట్లు, కాపాడిన అంగడి, వలస రాజ్యాల ముడిసరుకు, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, దేనికి ఎంత బరువు ఇస్తారో మీరే తేల్చుకోవాలి. నా వరకు నేను బొగ్గుకూ అంగడికీ ఎక్కువ బరువు ఇస్తాను.

ఇప్పుడు పుస్తకం మూసి, ఒక ఆదివారం ఊళ్లోకి వెళ్లండి. ఒకే ఏడాదిని రెండు పేజీల మీద ఎలా రాయాలో నేర్చుకోవడానికి 1798ని మించిన ఏడు లేదు. మూసారాంబాగ్ దగ్గరి గుట్ట మీద నల్లరాతి స్తంభం కింద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో వేల మంది సిపాయిలకు కవాతు నేర్పి, ఫిరంగుల కార్ఖానా నడిపిన ఈ మనిషి 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు, ఆగస్టు 1న అతడి నౌకాదళాన్ని నెల్సన్ ధ్వంసం చేశాడు. సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్ కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ప్రతినిధితో సంధి చేసుకుని కంపెనీ సేనకు ఖర్చు పెట్టుకోవడానికీ, ఫ్రెంచి అధికారులను పంపివేయడానికీ ఒప్పుకున్నాడు. అక్టోబరులో ఆ పటాలాలను చుట్టుముట్టి ఆయుధాలు దింపించారు. మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు మరణించాడు. ఈ సంగతులను పాఠ్యపుస్తకాలు ‘ఫ్రెంచి విప్లవం’, ‘సైన్య సహకార పద్ధతి’, ‘మైసూరు యుద్ధాలు’ అని మూడు వేర్వేరు అధ్యాయాలుగా విడగొడతాయి. మీ నోటుపుస్తకంలో అవి ఎదురెదురు పేజీల మీద, నెలల వరుసలో ఉండాలి.

అక్కడి నుంచి కోఠీకి రండి. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీని రెసిడెంటు (నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్ ఆ సంధి తరువాతి కొద్ది ఏళ్లలో కట్టించాడు, ఖర్చు నిజాం ఖజానా భరించింది. మెట్లకు రెండు వైపులా సింహాలు, ఎదురుగా మహా స్తంభాలు, దర్బారుకు వచ్చిన వారిని తల ఎత్తించేలా నిలబెట్టిన కొలతలు. లోపలికి వెళ్లేందుకు ముందుగా అనుమతి సంగతి కనుక్కుని వెళ్లడం మంచిది. గుట్ట మీది సమాధినీ కోఠీలోని ఈ భవనాన్నీ ఒకే పూట చూసినవారికి ఏడేళ్ల యుద్ధం నుంచి వాటర్లూ దాకా సాగిన ఆంగ్లో-ఫ్రెంచి పోరు ఎవరూ గుర్తుచేయకుండానే గుర్తుంటుంది.

తరువాత పట్టుకోవలసిన దారం అప్పు. సంధి ప్రకారం పోషించవలసిన సేనకు బదులుగా నిజాం 1800లో మైసూరు నుంచి వచ్చిన జిల్లాలను కంపెనీకి వదులుకున్నాడు. రాయలసీమకు దత్తమండలాలన్న పేరు అలా వచ్చినదే. ఆపై హైదరాబాదు కంటింజెంటు అనే మరో సేన ఖర్చు బకాయిపడి, 1853లో నేటి మహారాష్ట్రలోని బేరారు ప్రాంతం కంపెనీ చేతికి పోయింది. బేరారు నల్లరేగడి ప్రత్తి నేల అన్న సంగతిని కుడి పేజీలో ఎర్ర సిరాతో రాసి, ఎడమ పేజీలో 1861 అని వేయండి. ఆ ఏడు అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల రేవులు మూతపడ్డాయి. బ్రిటన్ తన ప్రత్తిలో నాలుగింట మూడు వంతుల వరకు అక్కడి నుంచే తెచ్చుకునేది కనుక, లాంకషైర్‌లో మిల్లులు ఆగి కూలీలు పస్తులున్నారు, బొంబాయిలో ధరలు ఆకాశానికి ఎగిరాయి, బేరారు ప్రత్తికి గిరాకీ పుట్టింది. 1865లో యుద్ధం ముగియగానే బొంబాయి షేర్లు కుప్పకూలాయి. ఈజిప్టు, బేరారు, మిసిసిపీ రైతులు ఒకరినొకరు ఎరగకుండానే ఒకే ధరకు కట్టుబడిన కాలమది. పందొమ్మిదో శతాబ్దపు ప్రపంచ ఆర్థిక వ్యవస్థ అంటే ఏమిటో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఈ నాలుగేళ్లనే చూపిస్తాను.

రైలు, బొగ్గులను కలిపి చదవాలి. నేటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికిందరాబాదుకు రైలు 1874లో వచ్చింది. ఇల్లెందు బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. పెట్టుబడి లండనులో సమకూరి, వాటాదారులకు వడ్డీ హామీ మాత్రం ఇక్కడి ఖజానా ఇచ్చింది. చాందా (నేటి చంద్రపూర్) రైలు పథకం షరతులు జనానికి తెలియజేయాలని 1883లో హైదరాబాదులో ఆందోళన రేగినప్పుడు, అందులో ముందున్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, అంటే సరోజినీ నాయుడి తండ్రి, నగర బహిష్కారానికి గురయ్యారు. చైనాలో, ఒట్టోమన్ టర్కీలో, అర్జెంటీనాలో అదే కాలంలో రైళ్ల అప్పులు ఏ రూపంలో నడిచాయో ఎడమ పేజీలో పోల్చి రాసుకుంటే, సామ్రాజ్యవాదమనే భారీ పదానికి లెక్కల పుస్తకం దొరుకుతుంది. 1884-85 బెర్లిన్ సమావేశం, ఆఫ్రికా పంపకం ఇక్కడే వస్తాయి. వాటి తేదీలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి నేను నిలవను.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 దగ్గర చాలామంది సారాయెవోలో పేలిన పిస్తోలుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. జూన్ 28న అక్కడ జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్యకూ ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలో దిగడానికీ మధ్య ఉన్న అయిదు వారాలను రోజువారీగా ఒక పేజీలో రాయండి. సైన్య సమీకరణ రైళ్ల సమయ పట్టికల మీద ఆధారపడి ఉండడం వల్ల, ఒక దేశం మొదలుపెడితే పొరుగు దేశం ఒక రోజు ఆలస్యం చేయడానికీ భయపడిందని అప్పుడు తేటపడుతుంది. కుడి పేజీలో మొదటి పద్దు సెప్టెంబరు 22: జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. చివరి పద్దులు 1918వి. ఏడో నిజాం ఇచ్చిన సొమ్ముతో సమకూరిన బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ విమానాల మీద ఆయన కానుక అన్న అక్షరాలుండేవి. ఇంగ్లీషు నమూనా, అమెరికా ఇంజను, దక్కను రైతు కట్టిన శిస్తు కలిసి జర్మన్ పట్టణాల మీద బాంబులు వేశాయి. వస్త్రానికి వేసిన నాలుగు ప్రశ్నలను ఈ విమానానికీ వేసి చూడండి.

ఫోన్లలో తిరిగే వీరగాథల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా రేవును పట్టుకున్న దళంలో హైదరాబాదు లాన్సర్లు (ఈటెల రౌతులు) కూడా ఉన్నారు, ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలలో ఒకటి వారిదే. అయితే ఆ రోజు గుర్రాల మీద దూకిన దాడి ప్రధానంగా జోధ్‌పూర్, మైసూరు రౌతులది. ఇలాంటి తేడాలు పట్టుకోవడానికి ఒకే సంగతిని రెండు పుస్తకాలలో చూసే అలవాటు చాలు. హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అట్లాసులు, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. అట్లాసు మాత్రం 1914కు ముందరి సరిహద్దులు చూపేదై ఉండాలి. హైఫా పేజీ కింద 1920 శాన్ రెమో సమావేశం పేరు రాసి, పాలస్తీనా, ఇరాక్ బ్రిటన్‌కూ, సిరియా ఫ్రాన్సుకూ అప్పగించిన సంగతి చేర్చి, రెండో నోటుపుస్తకాన్ని చమురు అనే సరుకుతో మొదలుపెట్టండి.