మీ కథ, మీ గొంతు: పత్రికకు చదివి పంపే రచయితలకు

“కథను తీసుకుంటున్నాం, వీలైతే మీరే చదివి రికార్డు చేసి పంపండి” అని వెబ్ పత్రిక సంపాదకులు ఉత్తరం రాసినప్పుడు, కథ రాయడానికి ఏమాత్రం జంకని రచయితలు కూడా కాస్త వెనకాడుతారు. తమ గొంతు బాగుండదనీ, ఎవరైనా రేడియో కళాకారుడి చేత చదివిస్తే మేలనీ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1981లో లండన్ నుంచి “మహాప్రస్థానం” శ్రీశ్రీ చేతిరాతతోనూ, ఆయనే చదివిన కేసెట్టుతోనూ వెలువడినప్పుడు పాఠకులు కోరుకున్నది శిక్షణ పొందిన కంఠాన్ని కాదు, ఆ కవితలు పుట్టిన కంఠాన్ని. మిమ్మల్ని చదవమని అడిగినప్పుడు కూడా సంపాదకులు కోరుతున్నది అదే. అయితే గొంతు మీదే కావడం ఒక్కటే సరిపోదు, విన్నవారికి ప్రతి మాటా అందాలి. దానికి కొంత సాధన కావాలి.

ముందుగా చదవడానికి వేరే ప్రతి తయారు చేసుకోండి. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా, కాగితానికి ఒకవైపే అచ్చు తీయండి. వాక్యం మధ్యలో పేజీ తిప్పవలసి రాకుండా ప్రతి పేజీనీ వాక్యం పూర్తయ్యే చోట ముగించండి. కుట్టిన కాగితాలు తిప్పితే చప్పుడవుతుంది కనుక వాటిని విడివిడిగా ఉంచుకుని, చదివిన కాగితాన్ని మెల్లగా పక్కకు జరపాలి. అంకెలను ఎలా పలకబోతున్నారో ముందే అక్షరాల్లో రాసుకోండి. “1947” అన్నది కంటికి ఒక్క చూపులో అందుతుంది గానీ, నోటితో “పంతొమ్మిది వందల నలభై ఏడు” అనవలసి వచ్చినప్పుడు వాక్యం నడక మారిపోతుంది. ఆ తర్వాత పెన్సిలు పట్టుకుని, గొంతెత్తి చదువుతూ, ఊపిరి తీసుకునే చోట ఒక గీత, నిలిచిపోవలసిన చోట రెండు గీతలు పెట్టుకోండి.

తెలుగు చదివేవారు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వాక్యం చివర మీద. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదు, లేదు అనేవీ ఆ క్రియతోనే వస్తాయి, అడుగుతున్నామో చెబుతున్నామో కూడా అక్కడే తేలుతుంది. కానీ వాక్యం ముగింపుకు వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు దిగిపోవడం చాలామందికి అలవాటు. ఒక వాక్యం చూడండి: “చెరువు గట్టు దిగి, ఎండిపోయిన కాలవ దాటి, / ఇంటి మలుపు తిరిగేసరికి / వాకిట్లో సగం వేసి వదిలేసిన ముగ్గు కనిపించింది కానీ, // ముగ్గు గిన్నె పట్టుకున్న అమ్మ కనిపించలేదు.” కథ అంతా ఆ చివరి “లేదు”లో ఉంది. మొదటి మూడు ముక్కలనూ ఒక్క గుక్కలో లాగేసినవారికి ఆ “లేదు” గొంతులోనే మిగిలిపోతుంది. “చెప్పాను”, “చెప్పను” అన్న మాటల మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం మాత్రమే. అచ్చులో కన్ను దాన్ని వదలదు, చెవి మాత్రం మీరు స్పష్టంగా అందిస్తేనే పట్టుకుంటుంది. కాబట్టి గీతలు పెట్టుకునేటప్పుడు వాక్యాన్ని వెనకనుంచి చూడండి. చివరి మాటకు నిండు ఊపిరి మిగిలేలా, దానికి ముందు ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోండి.

సంభాషణల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. “నువ్వు రేపు పొద్దున్నే బయల్దేరి వెళ్లిపో, అంది అత్త” అన్నప్పుడు మాట్లాడింది ఎవరో వాక్యం అయిపోయాక గానీ తెలియదు. పుస్తకంలో కొటేషన్ గుర్తు ఆ పని ముందే చేసిపెడుతుంది, వినేవారికి ఆ గుర్తు కనబడదు. అలాగని ఆడ పాత్రలకు సన్నని గొంతు, ముసలివారికి వణికే గొంతు పెట్టనక్కరలేదు, పెట్టకూడదు కూడా. మాట మొదలయ్యే ముందు అర క్షణం ఆగి, స్థాయిని కొంచెం మారిస్తే చాలు. ఇద్దరే మాట్లాడుతున్నప్పుడు ఆ మార్పుతోనే ఎవరిది ఏ మాటో తెలిసిపోతుంది. ముగ్గురు నలుగురు మాట్లాడే చోట అది సరిపోదు. అప్పుడు “అన్నాడు సుబ్బయ్య” అన్నదాన్ని మాటకు ముందుకు తెచ్చి “సుబ్బయ్య అన్నాడు” అని చదవవచ్చునేమో సంపాదకులను అడగండి. పత్రికలో ఆడియో పక్కనే కథ పాఠం కూడా ఉంటుంది కనుక, చెప్పకుండా మార్చడం మర్యాద కాదు.

యాస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన నాటినుంచి రేడియో మన చెవులకు ఒక చక్కని, తీరైన తెలుగును అలవాటు చేసింది. ఆ మేలు తక్కువది కాదు. కానీ మైకు ముందుకు రాగానే శ్రీకాకుళం రచయితా, కర్నూలు రచయితా, వరంగల్ రచయితా ఒకే వార్తల గొంతులోకి మారిపోతే, కథలో ఎంతో శ్రమపడి రాసిన మాండలికం నోటికి వచ్చేసరికి చచ్చిపోతుంది. మన లిపి పలుకుబడినంతా పట్టుకోలేదు. “వచ్చాడు”లోని ఆ విప్పారిన అచ్చుకు మనకు వేరే అక్షరం లేదు. “చలి”లో చకారం, “చిలక”లో చకారం ఒకటి కావని లిపి చెప్పదు. మాట చివర సాగే రాగం గురించి అయితే చెప్పనే అక్కరలేదు. ఇవన్నీ మీ నోట్లో ఉన్నాయి, పుస్తకంలో లేవు. మీ ఊళ్లో ఎలా పలుకుతారో అలాగే పలకండి. ఇన్నేళ్లుగా వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉండి ఆ పలుకు కాస్త సడలిందనిపిస్తే, రికార్డింగుకు ముందు రోజు ఊళ్లోని అక్కకో బాబాయికో ఫోను చేసి అరగంట మాట్లాడండి, నోరు దానంతట అదే దారిలో పడుతుంది. ళ, ల, ణ, న తేడాలూ, వత్తులూ మాత్రం ఏ యాసలో చదివినా మీ పాత్ర పలికే తీరును బట్టి నిలకడగా ఉండాలి. ఒకచోట ఒత్తి, మరోచోట వదిలేస్తే వినేవారికి అది యాసగా కాక తడబాటుగా వినిపిస్తుంది.

పద్యాలు చదివేవారికి ఒక్క మాట. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరానికీ, యతిస్థానంలోని అక్షరానికీ కుదిరే మైత్రే గానీ, సంస్కృతంలో లాగా విరామం కాదు. ఉత్పలమాలలో యతిస్థానమైన పదో అక్షరం దగ్గర మాట మధ్యలో ఆగితే మైత్రి వినిపించవచ్చు, అర్థం మాత్రం ముక్కలవుతుంది. అర్థం ఆగిన చోట ఆగండి.

ఇక నటన సంగతి. నేను మొదటిసారి ఒక పత్రికకు చదివి పంపిన కథలో తండ్రి చనిపోయిన వార్త వచ్చే చోట గొంతు పూడుకుపోయింది. అది నిజమైన దుఃఖమే, కానీ నేను దాన్ని ఆపుకోకుండా, పైగా ఇంకాస్త సాగదీసి, అలాగే పంపాను. సంపాదకురాలు దాన్ని తిరిగి పంపుతూ, “మీరే ముందు ఏడ్చేస్తే వినేవాళ్లకు ఏం మిగులుతుంది?” అని అడిగారు. రెండోసారి ఆ పేరాను వంటింటి సంగతి చెబుతున్నంత మామూలుగా చదివాను. ఆ రెండోదే అచ్చమైన చదువు అని విన్నాక నాకే తెలిసింది. బరువైన చోట వేగం తగ్గించండి, స్థాయి పెంచకండి.

రికార్డింగుకు స్టూడియో అక్కరలేదు. ఈనాటి మంచి ఫోను చాలు, దానికి చిన్న కాలరు మైకు తోడైతే మరీ మంచిది. గది మాత్రం ముఖ్యం. గోడలు బోసిగా ఉన్న గదిలో మాట మార్మోగుతుంది కనుక, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ఎదురుగా కూర్చోండి, వెనక ఒక బొంతో రగ్గో వేలాడదీయండి. అమెరికా ఇళ్లలో ఉండే బట్టల గది ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది. ఫ్యాను, ఏసీ ఆపాలి, ఫ్రిజ్ రొద వినబడుతుంటే కాసేపు దాన్నీ ఆపాలి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మన ఊళ్లలో కుక్కరు కూతలూ, గుడి మైకూ, కూరగాయల బండీ లేని వేళ చూసుకోవాలి. నాకు రాత్రి పదకొండు తర్వాతే కుదురుతుంది. మైకును నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కాస్త పక్కకు పెట్టండి. ప, బ, భ వంటి అక్షరాలు పలికేటప్పుడు పెదవులనుంచి వచ్చే గాలి నేరుగా మైకుకు తగిలితే ‘ఢబ్’మన్న చప్పుడు వస్తుంది, దాన్ని తర్వాత తీసేయడం కష్టం. బిగ్గరగా పలికిన చోట కూడా రికార్డింగు యాప్ మీటరులో శబ్దస్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

రికార్డింగు మొదలుపెట్టి పది సెకన్లు ఏమీ మాట్లాడకండి. గదిలోని సన్నని రొదను ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించడానికి ఆ నిశ్శబ్దమే నమూనాగా పనికొస్తుంది. మధ్యలో తడబడితే రికార్డింగు ఆపవద్దు. ఒక చప్పట్టు కొట్టి, రెండు క్షణాలు ఆగి, ఆ వాక్యాన్ని మొదటినుంచి మళ్లీ చదవండి. చప్పట్టు పడిన చోట తెరమీద నిటారుగా గీత కనిపిస్తుంది కనుక, తర్వాత కోతపెట్టేటప్పుడు వెతుక్కోనక్కరలేదు. మాట మధ్యనుంచి అందుకుంటే అతుకు వినిపిస్తుంది. ఒకే వాక్యం దగ్గర మూడుసార్లు నోరు తిరగకపోతే తప్పు నోటిది కాకపోవచ్చు, వాక్యాన్ని మరోసారి చూసి సంపాదకులతో మాట్లాడండి. వెయ్యి మాటల కథకు నాకు దాదాపు పన్నెండు నిమిషాలు పడుతుంది. ఎనిమిదిలో ముగిస్తే పరుగెత్తానని అర్థం. పెద్ద కథను రెండు రాత్రులు చదవవలసి వస్తే, రెండో రాత్రి మొదటి రోజు చివరి పేరాను విని, అదే స్థాయిలో అందుకోండి.

మొదట్లో కథ పేరు, మీ పేరు చెబితే చాలు. కథ ఎలా పుట్టిందో వివరించే ముందుమాట వద్దు. చివర మాట ముగిశాక మూడు క్షణాలు ఆగి అప్పుడు ఆపండి. పంపే ముందు, మర్నాడు పొద్దున ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కాగితం చేతిలో లేకుండా మొత్తం వినండి. ఎక్కడైనా కాగితం చూడాలనిపించిందంటే ఆ వాక్యం చివర మళ్లీ చదవవలసిందే. ఎడిట్ చేయని ఫైలును వావ్ (WAV) రూపంలో మీ దగ్గర దాచుకుని, పత్రిక అడిగిన రూపంలో ఉన్నదాన్ని పంపండి. పాఠానికీ చదివినదానికీ తేడా వచ్చిన మాటలు ఏవైనా ఉంటే, ఏ నిమిషం దగ్గర ఏ మాట మారిందో ఫైలుతో పంపే ఉత్తరంలోనే రాసి పెట్టండి.