సీటెక్కి నడిపే గడ్డి మోవర్: ఎక్కే ముందు, దిగే ముందు

రైడింగ్ మోవర్ చూడ్డానికి బొమ్మ ట్రాక్టర్‌లా ఉంటుంది, స్టీరింగ్ తిప్పడం, పెడల్ తొక్కడం పది నిమిషాల్లో వచ్చేస్తాయి. ఇంత తేలిక కాబట్టే జనం దాన్ని లెక్కచెయ్యరు. మన కాళ్ల కింద డెక్‌లో, అంటే బ్లేడ్లను కప్పి ఉంచే తొడుగులో, తిరిగే బ్లేడ్లు కంటికి కనిపించవు కదా, వాటి కొసలు మామూలుగా గంటకు 300 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో తిరుగుతుంటాయి. నా అనుభవంలో కోస్తున్నంతసేపూ పెద్ద ఇబ్బంది రాదు. దిగేటప్పుడు, వెనక్కి వచ్చేటప్పుడు, వాలు మీద తిరిగేటప్పుడే కొంప మునుగుతుంది.

ముందు బండి సంగతి వదిలేసి స్థలమంతా ఒకసారి నడిచి రండి. రాళ్లు, పైపు ముక్కలు, పిల్లల బొమ్మలు, ముఖ్యంగా తీగ ముక్కలు ఏరెయ్యండి. ఒకసారి నేను ఈ నడకను బద్ధకించి ఎగ్గొట్టాను. గడ్డిలో ఉన్న బెత్తెడు ఇనప తీగ బ్లేడుకు తగిలి టంగుమని ఎగిరి పక్కనున్న చెక్క కంచెలో దిగబడింది, చేత్తో లాగితే ఊడి రాలేదు, పట్టకారు తేవాల్సి వచ్చింది. గడ్డి బయటికి చిమ్మే చోట ఒక ప్లాస్టిక్ మూత వేలాడుతూ ఉంటుంది చూడండి, అది ఉన్నది ఇలాంటివి నేలవైపు మళ్లడానికే. గడ్డి ఇంకా దూరంగా పడుతుందని దాన్ని పైకెత్తి కట్టేసేవాళ్లు ఉన్నారు. ఆ పని చెయ్యకండి.

బట్టల గురించి రెండు ముక్కలు చాలు: మూసి ఉన్న బూట్లు, పొడుగు ప్యాంటు, కళ్లద్దాలు, చెవులకు మఫ్స్. చెప్పులతో ఎక్కొద్దు.

సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా మీరు సీట్లోంచి లేస్తే ఇంజిన్ ఆగిపోయేది దానివల్లే. నెలకోసారైనా దాన్ని చూసుకోండి: దగ్గర్లో ఎవరూ లేకుండా చూసి, చదునైన చోట పార్కింగ్ బ్రేక్ వేసి, బ్లేడు ఆన్ చేసి, సీట్లోనే కొంచెం పైకి లేవండి, కాళ్లు కింద పెట్టొద్దు. ఆగకపోతే బాగు చేయించేదాకా బండి తియ్యొద్దు. గతుకుల్లో ఇంజిన్ మాటిమాటికీ ఆగుతోందని ఈ స్విచ్ వైర్లు కలిపేసుకునే మహానుభావులూ ఉన్నారు, వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక వాలు. అసలు టెన్షన్ పడాల్సింది ఇక్కడే. చాలా మోవర్ల మాన్యువల్స్‌లో గరిష్ఠంగా 15 డిగ్రీలు అని ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. 15 డిగ్రీలంటే మీటరు దూరానికి 27 సెంటీమీటర్ల ఎత్తు, అంటే కంటికి "ఇదేం వాలు" అనిపించేదే. ఒక పొడుగాటి చెక్కను నేల మీద పరిచి దానిపై ఫోన్ పెట్టి, కోణం చూపించే యాప్‌లో చూస్తే తెలిసిపోతుంది. ట్రాక్టర్ తరహా మోవర్‌ను వాలు మీద నిలువుగా, కిందికీ పైకీ మాత్రమే నడపాలి, అడ్డంగా పోతే పక్కకు బోల్తా పడుతుంది. చేత్తో తోసే మోవర్‌కు ఇదంతా తలకిందులు, దాన్ని అడ్డంగానే తొయ్యాలి, అది అలవాటైనవాళ్లు ఇక్కడ పొరపాటు పడతారు. ఉన్నచోటే గిర్రున తిరిగే జీరో టర్న్ బండి కథ వేరు: మామూలుగా దాన్ని తిప్పేదీ ఆపేదీ వెనక చక్రాలే, అవి జారాయంటే స్టీరింగూ బ్రేకూ రెండూ ఒకేసారి పోయినట్టే, కాబట్టి దాని మాన్యువల్ ఏం చెబితే అదే పాటించండి. ఎక్కుతుంటే చక్రాలు జారాయా, బ్లేడు ఆపి నెమ్మదిగా నిటారుగా దిగిపోండి, తిప్పే ప్రయత్నం వద్దు. వాలు దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలొద్దు. వెనక గడ్డి సంచీ నిండేకొద్దీ బరువంతా వెనక్కి పోతుంది, అదీ గుర్తుండాలి. కాలువ గట్టు, చెరువు అంచు ఉంటే రెండు బండ్ల వెడల్పు వదిలేసి మిగిలింది చేత్తో కోసుకోండి. తడి గడ్డి మీద చదునులో కూడా జారుతుంది, ఆరేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

బోల్తా పడితే కాపాడే కడ్డీ సీటు వెనక ఉన్న బండైతే, కడ్డీ ఎత్తి బెల్టు పెట్టుకోండి. కడ్డీ లేకపోతే, మడిచి ఉంచాల్సి వస్తే బెల్టు వద్దు, బండి పడితే దూకి తప్పుకునే వీలుండాలి.

పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి, వాళ్లను కనిపెట్టుకుని ఇంకొకరు ఉండాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పితే ముద్దుగానే ఉంటుంది, కానీ ఆ తర్వాత ఇంజిన్ చప్పుడు వినపడగానే వాడు రైడు కోసం వెనక నుంచి పరిగెత్తుకొస్తాడు, ఇంజిన్ మోతలో మీకు వినపడదు. అందుకే రివర్స్‌లో బ్లేడు తిరగనివ్వొద్దు, వెనక్కి రావాలంటే ముందు ఆగి, తల పూర్తిగా తిప్పి, కిందికి కూడా చూసి రావాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు రైడింగ్ మోవర్ నడపడానికి కనీసం 16 ఏళ్లు ఉండాలంటారు.

గడ్డి ఇరుక్కుంటే చెయ్యి తనంతట తనే ముందుకు పోతుంది, దాన్ని ఆపుకోవడమే పెద్ద పని. బ్లేడు ఆఫ్, పార్కింగ్ బ్రేక్, ఇంజిన్ ఆఫ్, తాళం చెవి జేబులో, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఆగడం, ఈ వరసలో అన్నీ అయ్యాకే దిగి, కర్రతో పొడిచి తియ్యండి. బ్లేడు పట్టుకునే పనైతే స్పార్క్ ప్లగ్ వైరు కూడా పీకేయండి, ఎందుకంటే చేత్తో బ్లేడు తిప్పినా కొన్ని ఇంజిన్లు ఒక్కసారి అంటుకుంటాయి.

ఇంజిన్ చల్లారాక, ఆరుబయట పెట్రోల్ పొయ్యండి. డబ్బాను నేల మీద పెట్టి నింపుకోండి, కారు డిక్కీలో ఉంచి నింపితే స్టాటిక్ కరెంటుకు నిప్పురవ్వ పుట్టొచ్చు. పని అయ్యాక సైలెన్సర్ చుట్టూ పేరుకున్న ఎండుగడ్డి దులిపి, వేడి తగ్గాకే షెడ్డులో పెట్టండి, తాళం చెవిని పిల్లల చేతికందని మేకుకు తగిలించండి.