ఆదివారం ప్రసంగానికి ముందు: సంఘకాపరులకు కొన్ని జాగ్రత్తలు

శనివారం రాత్రే వాక్యభాగాన్ని మూడుసార్లు పైకి చదవండి. నెహెమ్యా 8:8లో ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, అర్థం కూడా చెప్పారు. మనమూ అంతే చేయాలి. ‘సమాధానము’ అంటే బైబిల్లో శాంతి, బయట జవాబు. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ తేడా విప్పి చెప్పండి.

మీ దగ్గర చెప్పుకున్న ఇంటి గొడవను ఉదాహరణగా వాడకండి. పేరు చెప్పకపోయినా లంక గ్రామాల్లో (నది మధ్య ఉండే చిన్న ఊళ్లలో) అందరూ పోల్చుకుంటారు.

ఊడ్పుల రోజుల్లో, దాళ్వా (రెండో పంట) కోతల్లో ప్రసంగం తగ్గించండి. రాత్రంతా రొయ్యల చెరువు కాసి, ప్యాంటు అంచులకు బురదతోనే వచ్చి వెనక చాప మీద కునికే కుర్రాణ్ణి మైకులో గద్దించకండి. నేనొకసారి గద్దించాను. నాలుగు వారాలు రాలేదు, ఆ బాధ నాకింకా ఉంది. బైబిల్లో పౌలు మాట్లాడుతుంటే ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు కిందికి దిగి అతన్ని కౌగిలించుకున్నాడు. ఈ సంగతి ఉన్న అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ముందురోజే ఒకసారి చదువుకోండి.

మైకు, కరెంటు ముందే చూసుకోండి. టెన్షన్‌గా ఉంటే కాలువ గట్టున ఒంటరిగా ఐదు నిమిషాలు ప్రార్థించి రండి.