రెయినీర్ మంచులో స్నోషూ నడక: ఒక్క రోజులో వెళ్లిరావడం ఎలా?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో చాలామందికి మౌంట్ రెయినీర్ అంటే ఆగస్టులో పూలు చూడటానికి వెళ్లే కొండ. చలికాలంలోనూ దాని దక్షిణం వైపున్న పారడైజ్ దాకా కారు వెళ్తుంది. 5,400 అడుగుల ఎత్తులోని ఆ చోట 1971-72లో ఏకంగా 1,122 అంగుళాల మంచు కురిసింది. అంత మంచులో మామూలు బూట్లతో అడుగేస్తే తొడ దాకా దిగబడతాం. బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రం స్నోషూ, మన బరువును ఎక్కువ మేర పరిచి, పైపైనే నడవనిస్తుంది. ఆ నడక అరగంటలో అలవాటైపోతుంది. కష్టమంతా దానికి ముందు తీసుకోవాల్సిన నిర్ణయాల్లోనే ఉంది.

1. ముందురోజు రాత్రి

మొదట రోడ్డు సంగతి. పారడైజ్‌కు వెళ్లే దారిలో కింద ఉండే లాంగ్‌మైర్ దగ్గరి గేటు రాత్రిపూట మూసేస్తారు, పొద్దున మంచు తీశాకే తెరుస్తారు. కొన్ని చలికాలాల్లో వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి పార్క్ వెబ్‌సైట్ చూడకుండా బయల్దేరొద్దు. నవంబర్ 1 నుంచి మే 1 దాకా ప్రతి బండిలో టైర్ చైన్లు ఉండాలి. మాది ఆల్ వీల్ డ్రైవ్ అంటే కుదరదు. చైన్లు ఎలా వేయాలో ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి, గడ్డకట్టిన వేళ్లతో నేర్చుకునే పని కాదది.

తర్వాత నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే సూచన చదవండి. మంచు చరియల ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెబుతారు. మూడోది ‘కన్సిడరబుల్’. ఐదులో మూడే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ వాలు మీద మనిషి నడిచినా చరియ విరిగిపడే అవకాశం ఎక్కువని దాని అర్థం. ఆ రోజు మొదటిసారి వెళ్లేవాళ్లు ప్లాన్ మార్చుకోవడమే మేలు.

2. దారి ఎంచుకోవడం

పారడైజ్‌లో మొదటి నడకకు నిస్క్వాలీ విస్టా వైపు వెళ్లండి. పెద్ద ఎత్తుపల్లాలు లేకుండా, గ్లేసియర్ కనిపించేదాకా తీసుకెళ్తుంది. ఫొటోల కోసం అందరూ పనోరమా పాయింట్ అంటారు గానీ అది నిటారు వాలు, చలికాలంలో నేనైతే కొత్తవాళ్లను అటు పంపను. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద జారతాయి. మీ కాళ్ల కింద నేల చదునుగా ఉన్నా, పైన అలాంటి వాలు ఉంటే అక్కడ ఆగి టీ తాగొద్దు.

దారి బోర్డులు మంచులో కూరుకుపోతాయి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకోండి. ముందెవరో వెళ్లిన జాడలను నమ్ముకోవద్దు, వాళ్లు ఎక్కడికి వెళ్లారో మనకేం తెలుసు?

3. బట్టలు

చలి కన్నా చెమట ప్రమాదం. జీన్స్, కాటన్ టీషర్ట్ తడిస్తే ఆరవు, ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ తడీ ఆపే జాకెట్. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వాటర్‌ప్రూఫ్ బూట్లు, చలవ కళ్లద్దాలు తప్పనిసరి. మబ్బు పట్టినా మంచు మీది వెలుతురు కళ్లను దెబ్బతీస్తుంది.

4. కట్టుకోవడం, నడవడం

స్నోషూలు కొనకండి, అద్దెకు తీసుకోండి. సైజు చూసేటప్పుడు మీ బరువుకు బ్యాగ్ బరువు కూడా కలపాలి. బూటు ముందు భాగం బిగుతుగా ఉండాలి, మడమ లేవాలి. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నడవండి. వెనక్కి అడుగేయొద్దు, పడతారు. తిరగాలంటే చిన్న వలయంగా తిరగండి. ఎక్కేటప్పుడు బూటు ముక్కును మంచులోకి గుచ్చాలి, దిగేటప్పుడు మోకాళ్లు వంచి కొద్దిగా వెనక్కి బరువు వేయాలి. మెత్తటి మంచులో పడ్డారా? చేయి ఆనిస్తే లోపలికే పోతుంది. రెండు పోల్స్‌ను (ఊతంగా పట్టుకునే చేతికర్రలను) అడ్డంగా గుణకారం గుర్తులా పరిచి, వాటి మీద చేయి వేసి లేవండి.

దేవదారు జాతి చెట్ల మొదళ్లకు దగ్గరగా వెళ్లొద్దు. కొమ్మల కింద మంచు వదులుగా ఉండి, బావిలాంటి గుంత దాగి ఉంటుంది. అందులో తలకిందులుగా పడితే ఒక్కరే బయటికి రావడం దాదాపు అసాధ్యం.

5. తిండి, టైమ్

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత పట్టేయదు. పల్లీ చెక్కీ, ఖర్జూరం జేబులోనే ఉంచి నడుస్తూ తినండి. ఫ్లాస్కులో వేడి రసం తెచ్చుకుంటే పక్కవాళ్లు అసూయపడతారు.

డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరలోపే పొద్దుగుంకుతుంది. కాబట్టి ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగండి. తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. గేటు మూసే టైమ్ కూడా పొద్దున్నే కనుక్కుని పెట్టుకోండి. చలికాలంలో పారడైజ్ ఇన్ మూసి ఉంటుంది, రాత్రి ఉండాలంటే కిందికి దిగి లాంగ్‌మైర్‌లోని నేషనల్ పార్క్ ఇన్‌కు రావాల్సిందే, అదీ గది ఖాళీ ఉంటేనే.