క్లచ్ స్లిప్ అవుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు కేబుల్ చూడండి

మారుతి 800, జెన్, పాత ఆల్టో లాంటి కేబుల్ క్లచ్ బండ్ల (పెడల్ తొక్కితే తీగ లాగి క్లచ్‌ను విడదీసేవి) గురించి ఇది.

క్లచ్ స్లిప్ అయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ఆ మేరకు కదలదు. విశాఖలో సింహాచలం కొండో కైలాసగిరో ఎక్కేటప్పుడు, అదీ నలుగురు కూర్చున్నప్పుడు, ముందుగా బయటపడుతుంది. ఖాయం చేసుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. శబ్దం ఎగిసి వేగం అక్కడే ఉంటే క్లచ్చే. శబ్దం కూడా పెరగకపోతే పెట్రోలు సరఫరా, ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు చూసుకోండి. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదే పదే చేస్తే క్లచ్ ప్లేటు (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది) మిగిలింది కూడా కాలిపోతుంది.

షెడ్డులో వినిపించే మొదటి మాట "ప్లేటు పోయింది, సెట్టు వేసేద్దాం" (సెట్టు అంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్). ఆ మాటకు తలూపే ముందు క్లచ్ పెడల్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ ఇరుక్కుందేమో చూడండి. ఆ తర్వాత ఫ్రీ ప్లే. పెడల్‌ను చేత్తో నొక్కితే బిగువు తగిలేలోపు 15 నుంచి 25 మి.మీ. దాకా ఖాళీగా దిగాలి (కచ్చితమైన కొలత మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది). ఖాళీయే లేదంటే పాదం తీసేసినా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్, ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లను (మధ్యలో ఉండే స్ప్రింగు రేకులను) కొంచెం నొక్కుతూనే ఉంటుంది, అంటే మీరు రోజంతా హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నట్టే. ప్లేటు అరిగేకొద్దీ ఆ వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి కాబట్టి ఎవరూ ముట్టుకోకపోయినా ఈ ఖాళీ తగ్గుతూ వస్తుంది. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివరి నట్టు వదులు చేస్తే సరిపోతుంది.

అసలు మోసం ఇక్కడే ఉంది. పెడల్ దగ్గర ఖాళీ చక్కగా కనిపిస్తుంది, స్లిప్ మాత్రం పోదు. పెడల్ బుష్ అరిగితే వచ్చే లొడలొడ కూడా చేతికి ఫ్రీ ప్లేలాగే తగులుతుంది. అందుకే కొలవాల్సింది గేర్‌బాక్స్ మీద కేబుల్ లాగే లివర్ దగ్గర: అక్కడ రెండు నుంచి నాలుగు మి.మీ. ఆడాలి. ఒకరిని పెడల్ తొక్కి వదలమని మీరు లివర్‌నే చూడండి. వెంటనే పూర్తిగా వెనక్కి రావాలి. నింపాదిగా వచ్చినా, మధ్యలో ఆగినా, చేత్తో తోస్తే ఇంకాస్త జరిగినా కేబుల్ లోపల తుప్పు పట్టింది. బీచ్ రోడ్డు, హార్బర్ వైపు రాత్రంతా ఆరుబయట ఉండే బండ్లకు ఉప్పుగాలి వల్ల ఇది మామూలే. పైతొడుగు కొత్తదానిలా మెరుస్తుంది, లోపలి తీగ పట్టేస్తుంది. లివర్ వైపు కేబుల్ విప్పి చేత్తో లాగితే గరగర తెలుస్తుంది.

ఈ కేబుల్‌ను వదిలేసి కొత్త సెట్టు వేస్తే స్లిప్ నిజంగానే పోతుంది, కొన్నాళ్లు. కొత్త ప్లేటు మందం వల్ల వేళ్లు బేరింగ్‌కు దూరం జరిగి ఖాళీ దొరుకుతుంది, అంతే. ప్లేటు కాస్త అరగగానే కథ మళ్లీ మొదలు, నింద మాత్రం ప్లేటు కంపెనీ మీద! నూనె పోస్తే వారం గడవొచ్చు. కేబుల్ మార్చేయండి. కొత్తది పాత దారిలోనే, మెలిక పడకుండా, సైలెన్సర్ పైపుకు తగలకుండా వెళ్లాలి.

కేబుల్ బాగుండి, లివర్ దగ్గర ఖాళీ ఉండి, అయినా స్లిప్ అవుతుంటే అప్పుడు గేర్‌బాక్స్ దించండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి మార్చాలి. ప్లేటు మీద ఆయిల్ తడి ఉంటే క్రాంక్ వెనక సీలో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలో లీకవుతోంది. అది మార్చకుండా మూస్తే కొత్త ప్లేటూ తడుస్తుంది. ఫ్లైవీల్ (ప్లేటు అదుముకునే ఇంజిన్ చక్రం) నీలంగా కాలి ఉంటే లేత్‌కు పంపండి.

బేరింగ్‌ను తోసే ఫోర్క్ వంగడం, తప్పు సైజు ప్లేటు లాంటివి అరుదు, దించినప్పుడు ఎలాగూ కనిపిస్తాయి. హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) బండైతే స్లిప్ అవుతున్నప్పుడే ఆపి గేర్‌బాక్స్ వైపు ఉండే స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నిపుల్ (గాలి తీసే చిన్న స్క్రూ) వదులు చేయండి: ఆయిల్ చిమ్మి స్లిప్ ఆగితే గొట్టమో, పెడల్ వైపు ఉండే మాస్టర్ సిలిండరో ఒత్తిడిని వెనక్కి వదలడం లేదు.

కొత్త సెట్టు వేయించాక మొదటి 1000 కి.మీ.లోపు లివర్ దగ్గర ఖాళీ మరోసారి కొలవండి. ప్లేటు కుదురుకునేటప్పుడు అది తగ్గుతుంది.