కొండ అడవికి వెళ్లేముందు పొద్దు లెక్క చూసుకోండి

కొండల మధ్య అడవికి వెళ్దామనుకోగానే చాలామంది ముందుగా బూట్లు, బ్యాగు, కెమెరా సంగతి చూసుకుంటారు. నన్నడిగితే మొదట చూడాల్సింది ఆ రోజు పొద్దు ఎన్నింటికి గుంకుతుందో. దారి తప్పడం, జారిపడటం, తడిసి చలికి బిగుసుకుపోవడం, వాగు దాటబోయి కొట్టుకుపోవడం దేనికది వేరే ప్రమాదంలా కనిపిస్తుంది. కాస్త వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు అన్నిటికీ ముందు జరిగింది ఒకటే ఉంటుంది: వెలుగు తగ్గిపోతోందని మనిషి తొందరపడటం. అడ్డదారి పట్టేది అప్పుడే. నీళ్లు తగ్గేదాకా ఆగకుండా వాగులో కాలు పెట్టేదీ అప్పుడే. అందుకే ఇంట్లో కూర్చుని వేసుకునే సమయం లెక్కే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అని నేను నమ్ముతాను.

మ్యాపులో పది కిలోమీటర్లు చూసి రెండు గంటల నడకే కదా అనుకోకండి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నేటి కొలతల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపాలి. అంటే 10 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. అదీ మంచి బాటమీద, అలవాటున్న కాళ్లకు, ఎక్కడా ఆగకుండా. వీపున బరువు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు, తడిసి జారే వేర్లు, ఊపిరి తీసుకోవడానికి ఆగే నిమిషాలు, ఇవన్నీ కలిపి ఆ మొత్తానికి కనీసం సగం చేర్చండి. మూడున్నర కాస్తా ఐదుంపావు అవుతుంది. గుంపుగా వెళ్తుంటే అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ల నడకను బట్టే లెక్క వేయాలి. దిగడం తేలికని ఆ సమయాన్ని మరీ తగ్గించకండి. మోకాళ్లు అలిసిపోయి, పాదం పట్టుతప్పి పడేది దిగేటప్పుడే.

సూర్యాస్తమయం ఆరింటికి అని ఫోన్ చెప్పినా, లోయలో ఎండ అంతకు చాలా ముందే కొండ చాటుకు వెళ్లిపోతుంది. గుబురు చెట్లకింద ఐదింటికే బాట కనిపించకపోవచ్చు. కాబట్టి సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే అడవి బయట ఉండేలా వెనక నుంచి లెక్కపెట్టుకు రండి. నాలుగింటికి బయట ఉండాలి, దిగడానికి నాలుగు గంటలు పడుతుంది అంటే పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా, ఇంకో పావుగంటే అని ఎవరన్నా సరే, తిరగాలి. ఈ గడియ బయలుదేరకముందే అందరూ ఒప్పుకుని, కాగితం మీద రాసుకోవాలి. పైకి వెళ్లాక అడిగితే అప్పటి అలసట, ఆశ కలిసి జవాబు చెబుతాయి. గడియారం చూసి "ఇక తిరుగుదాం" అనే బాధ్యత ఒకరికి ముందే అప్పగించండి. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదు.

వెళ్లే చోటి అటవీశాఖను ముందుగా అడిగి తెలుసుకోవాల్సినవి ఉంటాయి. అనుమతి కావాలా, ఏ నెలల్లో దారి మూసేస్తారు, రాత్రి బస చేయనిస్తారా, నిప్పు రాజేయవచ్చా. అయితే "దారి బాగుందా" అని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. "మొన్నటి వానకు వాగు ఎంత లోతు పారుతోంది? కొండచరియలు ఎక్కడన్నా విరిగిపడ్డాయా? ఈ వారం ఎవరైనా ఆ దారిన వెళ్లి వచ్చారా?" అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

తర్వాత ఇంట్లోవాళ్లకో, నమ్మకమైన స్నేహితులకో ఒక చీటీ రాసివ్వాలి. ఏ దారిన వెళ్తున్నారు, ఎక్కడ మొదలుపెడతారు, ఎంతమంది, బండి ఎక్కడ ఆపుతారు, దాని నంబరెంత, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్నింటికి ఎవరికి కబురు పెట్టాలి. ఈ చివరి రెండూ లేని చీటీ సగం చీటీయే. ఎదురుచూసేవాళ్లు "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటూ రాత్రంతా గడిపేస్తారు. మధ్యలో మనసు మారి వేరే దారిన పోవద్దు. వెతికేవాళ్లు చీటీలో ఉన్న దారినే వెతుకుతారు.

వాతావరణం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. గాలి, వాన తోడైతే అంతకంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. మంచు కురిస్తేనే చలి చంపుతుందనుకోవడం పొరపాటు. పది డిగ్రీల వేడిమిలో కూడా తడిసి, ఈదురుగాలిలో నిలబడిన మనిషి ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవచ్చు. నూలు బట్ట తడిస్తే ఆరదు, వెచ్చదనం ఇవ్వదు. ఉన్ని గానీ, త్వరగా ఆరే సింథటిక్ గానీ వేసుకుని, ఒక పొడి జత ప్లాస్టిక్ సంచిలో కట్టి బ్యాగులో పెట్టుకోండి. పక్కనున్న మనిషి తడబడుతూ నడుస్తున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే ఆగాలి. తడి బట్టలు తీసి పొడివి తొడిగి, గాలి తగలని చోట చుట్టి కూర్చోబెట్టాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చటి తీపి పానీయం ఇవ్వాలి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దకూడదు, మద్యం అసలే పట్టకూడదు. ఇంకా చల్లగానే ఉన్న మనిషికి వణుకు ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి. అది ముదిరిన గుర్తు.

వెచ్చని నెలల్లో కొండలమీద ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే మొదలవుతాయి. పొద్దున్నే బయలుదేరాలనడానికి ఇదీ ఒక కారణం. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ ఉంటే పిడుగు పడేంత దగ్గర్లో ఉన్నట్టే. శిఖరం, కొండ అంచు, ఒంటరి చెట్టు, నీటి ఒడ్డు వదిలి కిందికి దిగండి. ఒకేచోట గుమిగూడకుండా ఎడంగా ఉండండి. చివరి ఉరుము వినిపించాక అరగంట గడిచేదాకా కదలొద్దు. ఆ అరగంట కూడా మీ సమయం లెక్కలో ముందే ఉండాలి.

వాగుల విషయంలోనూ అంతే. మంచు కరిగి పారే ఏర్లు తెల్లవారుజామున తగ్గి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉబ్బుతాయి. పొద్దున మడమ లోతున దాటిన నీరే తిరిగొచ్చేసరికి తొడదాకా రావచ్చు. వానకు పొంగిన చిన్న వాగు కొన్ని గంటలు ఆగితే తగ్గుతుంది కాబట్టి ఆగడమే మంచిది. మోకాలి లోతైనా వడిగా పారుతుంటే మనిషిని పడేస్తుంది. తప్పక దాటాల్సి వస్తే వెడల్పుగా, పల్చగా పారేచోటు వెతకండి. బూట్లు విప్పొద్దు. బ్యాగు నడుము, ఛాతీ బెల్టులు మాత్రం ముందే ఊడదీయండి, పడితే బ్యాగు వదిలించుకోవచ్చు. నీరు బురదరంగుకు మారినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా పైన వాన దంచిందని అర్థం. ఒడ్డునుంచి వెనక్కి రండి.

ఫోన్‌లో జీపీఎస్ పనిచేయడానికి టవర్ అక్కర్లేదు. మ్యాపు మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి లోపలి జేబులో ఉంచుకోండి. కాగితం మ్యాపు, దిక్సూచి, వాటిని చదవడం తెలిసిన ఒక మనిషి కూడా ఉండాలి. దారి తప్పామని అనుమానం వచ్చిన క్షణమే ఆగి కూర్చోండి. వాగు వెంట దిగితే ఊరు వస్తుందనే మాట నమ్మొద్దు, అది మిమ్మల్ని జలపాతం అంచుకు తీసుకెళ్లవచ్చు. ఎక్కడున్నారో తెలియకపోతే చోటు మారకుండా ఈల ఊదండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టిన సంకేతం ఇది. గొంతు పోయినా ఈల మోగుతుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో ఈల, తలకు కట్టుకునే టార్చ్, అదనపు బ్యాటరీలు, వానకోటు, ఒక పూట అదనపు తిండి ఉండాలి. ఒక్కరి బ్యాగులోనే అన్నీ పెడితే ఆ మనిషి విడిపోయిన రోజున ఎవరికీ ఏమీ మిగలదు.

జంతువుల భయం అందరికీ ఎక్కువే గానీ, చాలావాటి తిరుగుడు తెల్లవారుజామున, మునిమాపున ఎక్కువ. ఆ వేళ దట్టమైన చోట్ల లేకుండా చూసుకుంటే చాలా మటుకు తప్పుతుంది. మలుపుల దగ్గర మాట్లాడుతూ నడవండి. తిండి గుడారంలో ఉంచుకోకండి. రాళ్ల సందుల్లో, దుంగల కింద చూడకుండా చేయి పెట్టకండి. పాము కరిస్తే గట్టిగా కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన చోటు కదలకుండా ఉంచి, ఆ మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. చెప్పినంత తేలిక కాదిది. నలుగురు ఉంటేనే కుదురుతుంది, అందుకే ఒంటరిగా వెళ్లొద్దంటాను.

2,500 మీటర్లు దాటే కొండలైతే ఇంకో లెక్క ఉంది, అక్కడి పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడకపోతే జబ్బు చేస్తుంది. 3,000 మీటర్ల పైన, రాత్రి పడుకునే చోటు ముందురోజు పడుకున్న చోటికన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. తలనొప్పి, వికారం ఉంటే అవి తగ్గేదాకా పైకి వెళ్లొద్దు. తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఆలస్యం చేయకుండా కిందికి దింపేయాలి. నీళ్లు ఒక నిమిషం తెర్లేలా మరిగించి తాగండి, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు. గుడారం వేసేముందు తలెత్తి చూడండి. ఎండిన చెట్టు, వేలాడే కొమ్మ ఉంటే చోటు మార్చండి.

కిందికి దిగి సిగ్నల్ రాగానే మొదటి ఫోన్ చీటీ ఇచ్చిన మనిషికే చేయండి, లేకపోతే మీరు భోంచేస్తుండగా మీకోసం అడవిలో వెతుకులాట మొదలవుతుంది. స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాళ్ల వెనుక, తలలో పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిట్టనిలువుగా లాగాలి, కాల్చడం, నూనె పూయడం వద్దు. ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరం గానీ, దద్దు గానీ వస్తే డాక్టరుకు అడవికి వెళ్లొచ్చిన తేదీతో సహా చెప్పండి.