జాంగీ నేర్చుకోవాలంటే ముందు ఫిరంగి సంగతి తేల్చుకోండి

చెస్ వచ్చినవాళ్లకి కొరియా వాళ్ల చదరంగం జాంగీలో ముప్పావు వంతు పూటలో వచ్చేస్తుంది. ఏడిపించేది ఫిరంగి అనే పావు ఒక్కటే.

బోర్డు మీద నిలువుగా 9, అడ్డంగా 10 గీతలుంటాయి. పావుల్ని గళ్లలో కాదు, పులిమేకలో లాగా గీతలు కలిసేచోట పెట్టాలి. పచ్చ లేదా నీలం రంగువి చో, ఎర్రవి హాన్, మొదటి ఎత్తు చోది. పావుల మీద చైనీస్ అక్షరాలు చూసి టెన్షన్ పడకండి, సైజును బట్టే సగం గుర్తుపట్టొచ్చు, అన్నిటికన్నా పెద్దది రాజు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. చెస్‌లో మన ఏనుగు చేసే పని ఇక్కడ రథం చేస్తుంది, ఇక్కడి ఏనుగేమో ఒకడుగు తిన్నగా వేసి రెండడుగులు ఐమూలగా వెళ్తుంది. గుర్రం మామూలుదే కానీ ఎగరదు, పక్కనే ఎవరైనా అడ్డుంటే అటు వెళ్లలేదు. బంట్లు ముందుకో పక్కకో ఒక్కడుగు, వెనక్కి రావు. రాజు, ఇద్దరు భటులు కోట (బోర్డు మీద ఎవరివైపు వాళ్లకి మధ్యలో ఉండే చిన్న చతురస్రం) దాటి బయటికి రారు.

ఇక ఫిరంగి. కదలాలన్నా, కొట్టాలన్నా మధ్యలో సరిగ్గా ఒక పావుని దాటాల్సిందే, ఆ దాటేది గానీ కొట్టేది గానీ ఇంకో ఫిరంగి కాకూడదు. అందుకే ఆట మొదట్లో మీ రెండు ఫిరంగులూ కదల్లేవు, కావాలంటే బోర్డు పేర్చి చూడండి. నేనైతే అంచున ఉన్న బంటుని పక్కకి జరిపి రథానికి దారి ఇస్తాను, తర్వాత గుర్రాన్ని ఫిరంగి ఉన్న వరసలోకి తెచ్చి, దాని మీదుగా ఫిరంగిని దూకించి రాజు ముందు నిలబెడతాను. అక్కణ్ణుంచి నడి బంటు మీదుగా ఎదుటివాడి కోట వైపు గురి ఉంటుంది. ఆట చివర్లో పావులు తగ్గేకొద్దీ దాటడానికి ఏమీ దొరక్క ఇదే ఫిరంగి దండగైపోతుంది, కాబట్టి బోర్డు నిండా పావులున్నప్పుడే వాడుకోండి.

చెక్ ఇస్తే "జాంగూన్" అనాలి. ఆడటానికి మంచి ఎత్తు లేకపోతే ఊరికే వదిలేయొచ్చు, అందుకే చెస్‌లో లాగా స్టేల్‌మేట్ ఉండదు. పాయింట్లు లెక్కేసి ఆడేటప్పుడు రథానికి 13, ఫిరంగికి 7, గుర్రానికి 5, ఏనుగుకీ భటుడికీ చెరో 3, బంటుకి 2. రెండో ఎత్తు వేసేవాళ్లు కాబట్టి హాన్‌కి ఇంకో ఒకటిన్నర కలుపుతారు.